దల్మా కొండపై సాయంత్రం ఎవరిది?

జంషెడ్‌పూర్‌లోని అగ్రికోలో మేడ ఎక్కి ఉత్తరానికి తిరిగితే చాలు, సువర్ణరేఖ నదికి ఆవల దల్మా కొండలు నీలిరంగు గోడలా కనిపిస్తాయి. వాన వెలిసిన రోజున మరీ దగ్గరగా. ఉదయం షిఫ్టు దిగి, భోంచేసి, ఓ కునుకు తీసినా చీకటి పడేలోపు పైకెక్కి రావచ్చు అనిపించేంత దగ్గరగా. చిక్కంతా ఆ అంచనాలోనే ఉంది.

అగ్రికో ఇనుము పెట్టిన పేరు. పారలు, గునపాలు, కొడవళ్లు తయారుచేసే వ్యవసాయ పనిముట్ల కంపెనీ పేరును కుదిస్తే వచ్చిన మాట అది. పక్కనే ఉన్న పేట పేరు భాలూబాసా. భాలూ అంటే ఎలుగుబంటి, బాసా అంటే నివాసం. ఒకదాని పేరులో కర్మాగారం, మరోదాని పేరులో అడవి. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో సాక్చీ గ్రామం వద్ద మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చి, 1919లో ఆ ఊరు జంషెడ్‌పూర్ అయింది. కొలిమి వెలుగును వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు.

ఊరు మారింది. కొండ మాత్రం తన పద్ధతులు మార్చుకోలేదు.

దల్మా శిఖరం ఎత్తు 926 మీటర్లు. ఊరు సముద్ర మట్టానికి సుమారు 135 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఎక్కాల్సింది 700 మీటర్లకు పైనే. చుట్టూ ఉన్న సుమారు 193 చదరపు కిలోమీటర్ల అడవి 1970ల మధ్య నుంచి వన్యప్రాణి అభయారణ్యం. జీపులు పోయే మెలికల దారి ఉంది. అయితే ఒంటరిగా కాలినడకన వెళ్లేవారికే ఈ కొండ అసలు రూపం తెలుస్తుంది. మొదట్లో సాల వృక్షాల నీడ, కాళ్ల కింద ఎండుటాకుల గలగల. వేసవి మొదట్లో మోదుగ పూల ఎరుపు, రాలిన ఇప్పపూల మత్తు వాసన. ఇప్పపూలంటే ఎలుగుబంట్లకూ ఇష్టమేనన్న సంగతి అప్పుడే గుర్తొస్తుంది. పైన కొమ్మ కదిలితే అది మలబారు ఉడుత కావచ్చు. పొద కదిలితే మాత్రం ఆగి చూడాల్సిందే.

పైన గుహలో శివాలయం, ఆంజనేయుడి గుడి ఉన్నాయి. ఇక్కడి ఆదివాసీలకు కొండే దేవత. బురు అంటే వారి భాషల్లో కొండ. ఏటా వేసవిలో సేంద్రా పేరుతో సాగే వేట పండగకు ముందు వారు పూజ చేసేది దల్మా బురుకే. శిఖరం నుంచి చూస్తే సువర్ణరేఖ వెండి తీగలా, కొండ పాదం దగ్గర డిమ్నా జలాశయం అద్దంలా, ఆ వెనక ఉక్కు నగరపు పొగగొట్టాలు. ఒకప్పుడు రాత్రివేళ కరిగిన చిట్టెం పారబోసినప్పుడల్లా ఆకాశం నారింజ రంగుకు తిరిగేది. సాయంత్రం వెలుగులో ఇదంతా చూడాలని ఎవరికి ఉండదు?

కానీ గడియారం వేరే మాట చెబుతుంది. దేశమంతా ఒకే సమయం పాటించినా సూర్యుడు పాటించడు. డిసెంబర్ చివర హైదరాబాద్‌లో పొద్దు గుంకేది సాయంత్రం 5.45 ప్రాంతంలో. తూర్పున ఉన్న జంషెడ్‌పూర్‌లో 5.05కే. జూన్‌లో కూడా 6.35 లోపే. ఆ తర్వాత అరగంటకల్లా అడవి నల్లబడిపోతుంది. హైదరాబాద్ లెక్కతో బయల్దేరినవారు చలికాలంలో 40 నిమిషాల పగటిని ముందే పోగొట్టుకున్నట్టు.

సాయంత్రం ఒంటరిగా కొండెక్కే సరదాకు ప్రపంచంలో అనువైన చోట్లు లేకపోలేదు. స్కాట్లాండ్‌కు పశ్చిమాన అట్లాంటిక్‌లో విసిరేసినట్టుండే సెయింట్ కిల్డా దీవులే తీసుకోండి. అక్కడి హిర్టా దీవిలో ఎత్తయిన కొండ కోనాకేర్, 430 మీటర్లు. అంటే దల్మాలో సగం కూడా లేదు. జూన్‌లో రాత్రి పది దాటాకే సూర్యుడు అస్తమిస్తాడు. భోజనం చేసి తీరిగ్గా బయల్దేరినా వెలుగులోనే దిగిరావచ్చు. అక్కడ భయపెట్టేవి గాలి, పొగమంచు, సముద్రంలోకి నిట్టనిలువుగా దిగే కొండ చరియలు. ఎదురయ్యేది మహా అయితే సోయే గొర్రెలు, సముద్రపు పక్షులు. చివరి 36 మంది నివాసులు 1930 ఆగస్టు 29న దీవి వదిలి వెళ్లిపోయారు. అక్కడి ఏకాంతం ఊరు ఖాళీ అయితే మిగిలినది.

దల్మాలో ఏకాంతం అలాంటిది కాదు. ఇక్కడ ఎవరూ ఖాళీ చేయలేదు. 2001లో దేశంలో మొట్టమొదటిగా ప్రకటించిన సింగ్‌భూమ్ ఏనుగుల రిజర్వులో ఈ అడవి భాగం. వరి కోతల కాలానికి గజరాజుల మందలు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్ వైపు వెళ్తాయి, మళ్లీ తిరిగొస్తాయి. వేసవిలో నీటి గుంటలే వాటికి ఆధారం. ఎండ తగ్గాక, జనం అలికిడి సద్దుమణిగాక అవి నీటికి దిగుతాయి. మనిషికి కొండ అందంగా కనిపించే గంట, ఏనుగుకు దాహం తీర్చుకునే గంట ఒక్కటే కావడమే సమస్య. మలుపులో ఒంటరి మనిషి, ఎదురుగా పిల్లతో ఉన్న తల్లి ఏనుగు. తప్పు ఎవరిదని తేల్చే తీరిక అప్పుడు ఉండదు.

తెలుగువారికి ఈ హెచ్చరిక కొత్తేమీ కాదు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ల బాలికను చిరుత బలిగొన్నాక, మధ్యాహ్నం 2 గంటల తర్వాత పిల్లలను ఆ దారిలో అనుమతించకూడదని తిరుమల తిరుపతి దేవస్థానం నిర్ణయించింది. వేలాది మంది గోవింద నామంతో నడిచే మెట్లదారికే ఆ జాగ్రత్త అవసరమైతే, అడవి మధ్య ఒక్కరే నడిచే దారి గురించి చెప్పేదేముంది?

అలాగని దల్మా ఎవరినీ రావద్దనలేదు. జంషెడ్‌పూర్ పక్కనే ఉన్న జుగ్‌సలాయీకి చెందిన గృహిణి ప్రేమలతా అగర్వాల్ జీవితం మలుపు తిరిగింది ఈ కొండల్లో జరిగిన ఓ నడక పోటీతోనే. 1984లో ఎవరెస్ట్ ఎక్కి, టాటా స్టీల్ సాహస సంస్థను నడిపించిన బచేంద్రీ పాల్ ఆమెకు శిక్షణ ఇచ్చారు. 2011 మే 20న, 48వ ఏట, ప్రేమలత ఎవరెస్ట్ శిఖరం చేరారు. 2013 నాటికి ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలూ ఎక్కేశారు. ఎవరెస్ట్ మీదా పాటించాల్సిన సూత్రం ఒకటే: వెనుదిరిగే సమయాన్ని ముందే నిర్ణయించుకోవాలి, శిఖరం చేతికందే దూరంలో ఉన్నా ఆ సమయానికి తిరిగిపోవాలి.

దల్మాకు వెళ్లాలనుకుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య కాలం హాయిగా ఉంటుంది. రాంచీ వైపు రహదారిలో వెళ్లి మాకులాకోచా ద్వారం వద్ద అనుమతి తీసుకోవాలి. ద్వారం మూసే వేళ అక్కడే కనుక్కోవాలి. స్థానికుల్లో ఒకరిని తోడు తీసుకుంటే దారితోపాటు అడుగుజాడలూ చదివి చెబుతారు. ఉదయమే ఎక్కి, మధ్యాహ్నం దాటగానే దిగడం మొదలుపెట్టడం మేలు. రాత్రి కూడా అక్కడే గడపాలనుకుంటే మాకులాకోచా, పిండ్రాబేడాల్లో అటవీ శాఖ విడిది గృహాలున్నాయి. వసారాలో కూర్చుంటే, చివరి జీపు దిగిపోయిన కాసేపటికి, నీటి గుంట వైపు నుంచి వెదుళ్లు విరిగే చప్పుడు వినిపించినా వినిపించవచ్చు.