డెబ్భై మీటర్ల అవతల

మా చెల్లి ఆర్చరీ నేర్చుకుంటోంది అనగానే హాస్టల్లో అందరూ అడిగే మొదటి ప్రశ్న "విల్లు ఎంత రా?" అని. రెండోది "జ్యోతి సురేఖని చూశారా?" అని. మాది విజయవాడ కాబట్టి రెండో ప్రశ్న సహజమే. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఆవిడ మూడు స్వర్ణాలు గెలిచారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మా ఊరి బొమ్మదేవర ధీరజ్, అంకిత భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానంలో నిలిచాడు. ఇవన్నీ మా ఫ్రెండ్స్‌కి కూడా తెలుసు. కానీ ఒక ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అంత దూరంలో బాణం ఎక్కడ పడిందో వేసినవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

టీవీలో అయితే సమస్యే లేదు. బాణం తగిలిన మరుక్షణం క్లోజప్, పక్కన నంబర్. ప్రాక్టీస్ గ్రౌండ్‌లో కెమెరా ఉండదు. ఆరు బాణాలు వేసి, విల్లు పక్కన పెట్టి, నడుచుకుంటూ వెళ్ళి చూసుకోవాలి. లేదా స్కోపు ఉన్నవాళ్ళని అడగాలి.

మా చెల్లి ఇంటర్ సెకండియర్. రికర్వ్ విల్లు. అండర్-18లో ఇప్పటిదాకా 60 మీటర్ల నుంచి వేసింది. పెద్దల విభాగంలోకి వెళ్తే దూరం 70 మీటర్లు, అందుకని కోచ్ సార్ ఈ ఏడాది నుంచే 70కి మార్చారు. దానికి కళ్ళజోడు ఉంది. 60లో ఎలాగో ఊహించుకునేది, 70లో ఊహకి కూడా అందట్లేదు. పక్క లేన్‌లో ఒక అక్క దగ్గర స్కోపు ఉండేది. మొదట్లో "అక్కా, నాది ఎక్కడ పడింది?" అని అడిగేది. ఆ అక్క మంచిదే, కానీ తన బాణాలు తనకి ఉంటాయి కదా. కొన్నాళ్ళకి చెల్లి అడగడం మానేసింది. నేను సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఇది దాని నోటి నుంచి రాలేదు, అమ్మ చెప్పింది.

నాకు మాత్రం విషయం వెంటనే అర్థమైంది. మన భాషలో చెప్పాలంటే అది అవుట్‌పుట్ చూడకుండా కోడ్ రాయడం. ఆరు లైన్లు రాశాక ఒకేసారి ఎర్రర్ వస్తే ఏ లైన్లో తప్పో ఎలా తెలుస్తుంది?

నాన్నతో మాట్లాడే పని నా మీద పడింది. నాన్న ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పని చేస్తారు. విల్లుకీ బాణాలకీ అప్పటికే చాలా అయింది. చేతిలో ఉన్నది ఫ్రిజ్ కోసం వేసిన చీటీ డబ్బు, అందులో పది వేలు.

"అది కొంటే దానికి పాయింట్లు పెరుగుతాయా?" అన్నారు.

"పెరుగుతాయని చెప్పలేను నాన్నా. ఎక్కడ పోతున్నాయో తెలుస్తుంది."

"తెలుసుకోడానికి పది వేలా?"

"వెర్నియర్ లేకుండా నువ్వు లేత్ నడుపుతావా?"

నాన్న ఏమీ అనలేదు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "చూసి కొను. పెద్ద డబ్బాలో చిన్న సామాను వస్తుంది ఈ ఆన్‌లైన్‌లో" అన్నారు. మా ఇంట్లో అదే శాంక్షన్ ఆర్డర్.

అసలు పని అక్కడ మొదలైంది. మా తాతయ్య దుర్భిణి అనే వస్తువుకి ఇప్పుడు వంద రకాలు. డబ్బా మీద "20-60×60" లాంటి అంకెలు ఉంటాయి. మొదటి రెండూ ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతాయి, చివరిది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. చవక స్కోపుల ప్రకటనలన్నీ మధ్య అంకె మీదే నడుస్తాయి. 60 రెట్లు, 75 రెట్లు అంటూ. పైగా దొరికే సలహాల్లో ఎక్కువ భాగం రైఫిల్ వాళ్ళ కోసం రాసినవి. వాళ్ళ కష్టం వేరు. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో 10 పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే, బుల్లెట్ చేసే రంధ్రం 5.6 మిల్లీమీటర్లు, అదీ నల్ల రంగు మీద. మనకి టార్గెట్ 122 సెంటీమీటర్లు, ఒక్కో వలయం 6.1 సెంటీమీటర్లు, బాణం అక్కడే గుచ్చుకుని ఉంటుంది. వాళ్ళ సలహా మనకి ఉన్నదున్నట్టు పనికిరాదు.

అందుకని ఒక కాగితం తీసుకుని లెక్క వేశాను. మామూలు చూపున్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు దాకా విడదీసి చూడగలదు. 70 మీటర్ల దూరంలో అది రెండు సెంటీమీటర్లు. చెల్లి బాణం మందం ఐదున్నర మిల్లీమీటర్లు. అంటే ఉత్త కంటికి పక్కపక్కన ఉన్న రెండు బాణాలు వేరుగా కనపడే అవకాశమే లేదు. 20 రెట్లు దగ్గరగా చూస్తే రెండు సెంటీమీటర్లు కాస్తా ఒక మిల్లీమీటరు అవుతుంది. మన అవసరానికి అది చాలు.

మరి 60 రెట్లు అయితే ఇంకా మంచిదే కదా? కాదు, మూడు కారణాలు.

ఒకటి, ముందు అద్దానికి ఒక హద్దు ఉంది. 60 మిల్లీమీటర్ల అద్దం ఎంత బాగున్నా దాదాపు రెండు ఆర్క్ సెకండ్ల కంటే చిన్న వివరం చూపించలేదు. మన కన్ను 60 ఆర్క్ సెకండ్లు చూస్తుంది కాబట్టి, 30 రెట్ల దగ్గరే ఆ అద్దంలో ఉన్నదంతా బయటికి వచ్చేస్తుంది. ఆ పైన వాట్సాప్ ఫొటోని వేళ్ళతో జూమ్ చేసినట్టే, పెద్దది అవుతుంది గానీ కొత్తగా ఏమీ కనపడదు.

రెండు, వెలుతురు. ముందు అద్దం వెడల్పుని రెట్లతో భాగిస్తే కంటిలోకి వచ్చే కాంతి పుంజం మందం వస్తుంది. 20 దగ్గర 3 మిల్లీమీటర్లు, 60 దగ్గర ఒక్కటే. పొద్దున్నే, సాయంత్రం ప్రాక్టీస్ చేసేవాళ్ళకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

మూడు, టార్గెట్ పట్టాలి. 70 మీటర్ల దూరంలో 122 సెంటీమీటర్లు అంటే సరిగ్గా ఒక డిగ్రీ. చవక స్కోపుల్లో రెట్లు చివరిదాకా తిప్పితే మొత్తం కనపడేదే ఇంచుమించు ఒక డిగ్రీ. బాణం టార్గెట్ అంచుకి పోతే వెతుక్కుంటూ కూర్చోవాలి, ఈలోగా టైమ్ అయిపోతుంది.

లెక్క సరే, కళ్ళతో చూడకుండా పది వేలు పెట్టలేను. మా కాలేజీలో పక్షులు చూసే సీనియర్ అన్న ఒకాయన దగ్గర 20-60×80 స్కోపు ఉంది. ఆదివారం అడిగి తీసుకున్నాను. ఒక అట్టపెట్టె మీద వలయాలు గీసి, జ్యూస్ షాపు నుంచి తెచ్చిన ఆరు పేపర్ స్ట్రాలు గుచ్చాను. రెండు స్ట్రాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేలా పెట్టాను. క్యాంటీన్ రోడ్డు మీద టేపుతో 70 మీటర్లు కొలిచి, రూమ్మేట్‌ని అట్టపెట్టె పక్కన నిలబెట్టాను. దారిన పోయేవాళ్ళందరూ ఏదో సర్వే అనుకున్నారు.

పొద్దున ఏడింటికి 20 దగ్గర ఆరూ విడివిడిగా కనపడ్డాయి, ఆనుకున్న రెండింటితో సహా. 40 దగ్గర కూడా బాగానే ఉంది. మధ్యాహ్నం పన్నెండింటికి మళ్ళీ పెట్టాం. తారు రోడ్డు మీద వేడిగాలి లేస్తోంది. 20 దగ్గర స్ట్రాలు కొంచెం వణికాయి. 60 దగ్గర పొయ్యి మీద గిన్నెలో నీళ్ళలోంచి చూసినట్టు ఉంది. స్కోపు గాలిని కూడా పెద్దది చేసి చూపిస్తుంది కదా మరి. ఏప్రిల్లో విజయవాడ గ్రౌండ్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో విషయం కూడా ఆ రోజే బయటపడింది. పసుపు స్ట్రా పసుపు వలయంలో, ఎర్ర స్ట్రా ఎర్ర వలయంలో కలిసిపోయాయి. ఆకుపచ్చ మాత్రం ఎక్కడున్నా కనపడింది. చెల్లికి ఫోన్ చేసి "నీ బాణాల వెనక నాక్ ఏ రంగు?" అని అడిగితే పసుపు అంది. టార్గెట్ మధ్యలో పసుపే ఉంటుంది. అంటే బాగా వేసిన బాణమే దానికి కనపడట్లేదన్నమాట! మెరిసే ఆకుపచ్చ నాక్‌లకి మార్చమన్నాను. స్కోపు ధరతో పోలిస్తే అది ఖర్చే కాదు.

చివరికి కొన్నది 20-60×60, వెనక గొట్టం 45 డిగ్రీలు వంగి ఉన్నది. వంపు ఎందుకంటే, ప్రపంచ ఆర్చరీ నియమాల ప్రకారం షూటింగ్ లైన్ మీద స్కోపు పై భాగం వేసేవాళ్ళ చంక ఎత్తు దాటకూడదు. తిన్నగా ఉండే గొట్టం అయితే ప్రతిసారీ నడుం వంచి కూర్చున్నంత పని అవుతుంది. వంగినదైతే తల దించితే చాలు. కళ్ళజోడు తీయకుండా చూడగలగాలి కాబట్టి కంటికీ అద్దానికీ మధ్య 15 మిల్లీమీటర్లకి తగ్గకుండా దూరం వదిలేది వెతికాను. అద్దాలన్నిటికీ అన్ని వైపులా పూత ఉందని రాసి ఉందా, లోపలి ప్రిజం బాక్-4 గాజుదా అని చూశాను. 7,600 అయింది. మిగిలిన 2,400తో ట్రైపాడ్. స్కోపుతో పాటు జానెడు స్టాండు ఒకటి ఉచితంగా వచ్చింది, అది టేబుల్ మీదకి సరిపోతుంది గానీ గ్రౌండ్‌లో కాదు. డబ్బంతా స్కోపుకే పెట్టి స్టాండు దగ్గర పొదుపు చేస్తే, గాలి వీచినప్పుడల్లా టార్గెట్ ఊగుతూనే ఉంటుంది. బ్రాండు పేరు కావాలనే రాయట్లేదు. మోడళ్ళు ఏడాదికోసారి మారతాయి, లెక్క మారదు.

వచ్చాక మొదటి వారం చెల్లి ప్రతి బాణానికీ చూసుకుంది. తొమ్మిది పడితే నవ్వు, ఆరు పడితే ముఖం మాడ్చుకోవడం, ఆ కోపంలో తర్వాతిది ఐదు. కోచ్ సార్ రెండు రోజులు చూసి స్కోపు పక్కకి తిప్పేశారు. "అది నీకు మార్కులు చెప్పేది కాదమ్మా. ఏ బాణం ఎటు పోయిందో చెప్పేది. చూడు, రాయి, మర్చిపో. మూడు ఒకే వైపు పోతేనే సైట్ ముట్టుకో" అన్నారట.

అప్పటినుంచి ఒక నోట్‌బుక్. పేజీకి ఒక గుండ్రం, అందులో 1 నుంచి 6 దాకా అంకెలు. వారానికోసారి ఆ పేజీలు ఫొటో తీసి నాకు పంపేది, నేను ఒక చిన్న ప్రోగ్రామ్‌లో ఎక్కించేవాణ్ణి. మూడో వారానికి ఒకటి స్పష్టంగా కనపడింది. మొదటి నాలుగు బాణాలు ఒక గుంపుగా ఉంటున్నాయి, 5, 6 మాత్రం దాదాపు ప్రతిసారీ కిందికి పోతున్నాయి. ఇన్నాళ్ళూ టార్గెట్ దగ్గరికి వెళ్ళి చూస్తే కింద రెండు బాణాలు ఉండేవి, అవి ఏవో ఎప్పుడు వేసినవో రాసుకోలేదు. దాంతో సైట్ తప్పేమో అని దాన్నే అటూ ఇటూ తిప్పేది. అప్పుడు బాగున్న నాలుగు కూడా పాడయ్యేవి. సార్ ఆ పేజీలు చూసి, విల్లు పట్టే భుజం అలసిపోతోందని రబ్బరు బ్యాండ్ ఎక్సర్‌సైజులు ఇచ్చారు.

పాయింట్లు ఒక్కసారిగా ఏమీ పెరిగిపోలేదు. 720కి తనది ఎంతో ఇక్కడ రాయొద్దని చెల్లి ఆర్డర్. కానీ ఫోన్లో మాటలు మారాయి. ఇంతకుముందు "ఈరోజు బాలేదన్నయ్యా" అని ఊరుకునేది. ఇప్పుడు "ఈరోజు ఐదోది కూడా పైనే ఉంది, ఆరోదే పడిపోతోంది" అంటోంది. "బాలేదు" అన్నదానికి ఓదార్పు తప్ప ఇంకేం ఇస్తాం? "ఆరోది పడిపోతోంది" అంటే మాత్రం చెయ్యడానికి పని ఉంటుంది.

మీలో ఎవరికైనా తమ్ముడో చెల్లో ఆర్చరీలో ఉంటే, కొనేముందు ఒక్కటి అడగండి. "ఎంత దగ్గరగా కనపడాలి" అని కాదు, "ఏ రెండింటికి మధ్య తేడా తెలియాలి" అని. అది తేలితే రెట్లు, అద్దం, స్టాండు ఒక్కొక్కటిగా తేలిపోతాయి. ఎవరిదైనా స్కోపు అడిగి, నిజమైన దూరం కొలిచి, ఎండలో ఒకసారి చూడండి. మీ దూరం 50 మీటర్ల లోపు అయితే మంచి 10×50 బైనాక్యులర్‌ని స్టాండు మీద పెట్టినా సరిపోవచ్చు. అదీ పరీక్షించాకే.

పోయిన నెల నాన్న మొదటిసారి గ్రౌండ్‌కి వచ్చారు. నేనూ ఉన్నాను. చెల్లి ఆరు బాణాలు వేసి పక్కకి జరిగింది. నాన్న చేతులు ప్యాంటుకి తుడుచుకుని, స్కోపులోకి వంగి, చాలాసేపు చూశారు. బాగుందనో బాలేదనో అంటారని ఎదురుచూశాం.

"నాలుగోది గీత మీద ఉంది" అన్నారు, కన్ను తీయకుండానే.

"గీత తాకితే పై పాయింటే ఇస్తారు నాన్నా" అంది చెల్లి.

"తాకింది" అన్నారు నాన్న.

నడుచుకుంటూ వెళ్ళి చూశాం. తాకింది.