అమ్మే ముందు వంటిల్లు
డాలస్‌లో మా ఇల్లు అమ్మకానికి పెడదామనుకున్నాం. 1994లో కట్టిన ఇల్లు, అప్పటి ఓక్ కేబినెట్లు, ఇత్తడి పిడులు. కొత్త వంటిల్లు కట్టిస్తే పెట్టినదంతా తిరిగి రాదని ఏజెంటు ముందే చెప్పింది. సరేలే అని నేనే బ్రష్ పట్టా.

రంగు వెయ్యడం కాదండీ కష్టం, జిడ్డు వదిలించడం! పదిహేనేళ్ళ పోపులు మరి. అది పూర్తిగా పోకుండా ప్రైమర్ వేస్తే తర్వాత పెచ్చులూడుతుంది. పాత చిల్లుల్లోనే పట్టేలా 3 అంగుళాల పిడులు కొన్నా. మొత్తం 400 డాలర్లు.

చివరికి ప్యాంట్రీ తలుపు మిగిలింది. లోపలివైపు పిల్లల ఎత్తులు కొలిచిన పెన్సిల్ గీతలు. బ్రష్ ముంచాను గానీ చెయ్యి ఆడలేదు. "తలుపే మార్చేద్దామండీ" అంది మా ఆవిడ. ఇంకో 90 డాలర్లు.

పొదుపు లెక్క తప్పింది. తప్పితే తప్పింది, ఆ తలుపు మాతోనే వస్తుంది.