వీలునామా: సొంతంగా రాసుకోవడమా, వకీలు చేత రాయించుకోవడమా

హైదరాబాద్ పడమటి దిక్కున మాదాపూర్ నుంచి కోకాపేట దాకా విస్తరించిన ఐటీ కారిడార్‌లో, 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తొలి రోజుల్లో ఉద్యోగాల్లో చేరిన తరం ఇప్పుడు యాభై ఏళ్ల ప్రాయానికి చేరుకుంటోంది. గృహరుణంతో కొన్న ఫ్లాటు, భవిష్య నిధి, మ్యూచువల్ ఫండ్లు, టర్మ్ బీమా, జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చిన షేర్లు ఒకవైపు, సొంతూళ్లో తల్లిదండ్రుల పేరున ఉన్న పొలమూ పాత ఇల్లూ మరోవైపు ఈ తరం ఆస్తిగా కనిపిస్తాయి. వడ్డీలో పావు శాతం తగ్గుతుందంటే రుణాన్ని మరో బ్యాంకుకు మార్చుకునే కుటుంబాలు సైతం, ఈ ఆస్తి తమ తదనంతరం ఎవరికి చెందాలన్న విషయాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తాయి. తీరా పూనుకున్నాక వకీలుకు ఫీజు ఇవ్వాలా, నమూనా పత్రం చూసి సొంతంగా రాసుకోవాలా అన్న దగ్గర ఆగిపోతాయి. ఈ ప్రశ్న ఆస్తి విలువను బట్టి తేలేది కాదు; ఆ ఆస్తి ఏ దారిన వచ్చింది, దానిపై ఎవరెవరు హక్కు అడగగలరు అన్న రెండు విషయాలను బట్టి తేలవలసినది.

వీలునామా రాసుకోవడానికి వకీలు తప్పనిసరి అని చట్టం ఎక్కడా చెప్పలేదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మైనారిటీ తీరి, మతి స్థిమితం ఉన్న ఎవరైనా తెల్ల కాగితం మీద, తెలుగులోనే, తమ సొంత మాటల్లో వీలునామా రాసుకోవచ్చు. దానికి స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషన్ కూడా ఐచ్ఛికమే. అదే చట్టంలోని 63వ సెక్షన్ విధించే నియమం మాత్రం కచ్చితమైనది: రాసిన వ్యక్తి సంతకమో వేలిముద్రో వేయాలి, అది వేయడాన్ని చూసిన లేదా అది తనదేనని ఆ వ్యక్తి నోట విన్న సాక్షులు కనీసం ఇద్దరు, ఆ వ్యక్తి సమక్షంలో తామూ సంతకం చేయాలి. మొత్తం వీలునామా స్వదస్తూరితో ఉన్నా ఈ నియమం నుంచి మినహాయింపు లేదు. సాక్షులకు లోపలి విషయం తెలియవలసిన పని లేదు, ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండవలసిన పనీ లేదు.

అద్దె ఒప్పందం మొదలుకొని రుణపత్రం దాకా అన్నీ ఫోన్‌లోనే ముగించుకునే అలవాటున్న ఐటీ ఉద్యోగులు పొరబడే చోటు ఇక్కడే ఉంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం తన పరిధి నుంచి వీలునామాను మినహాయించింది. కాబట్టి ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సంతకం గానీ, డిజిటల్ సంతకం గానీ వీలునామాకు చెల్లవు. ముసాయిదాను ఏ సాఫ్ట్‌వేర్‌తో తయారు చేసుకున్నా, చివరికి దాన్ని ముద్రించి సిరా సంతకాలు చేయవలసిందే.

అసలు వీలునామా లేకపోతే ఏం జరుగుతుందో తెలిస్తే తప్ప, దాన్ని ఎవరు రాయాలన్న చర్చకు అర్థం ఉండదు. ఉదాహరణకు కొండాపూర్‌లో భార్యాభర్తలిద్దరూ చెరి సగం వాటాతో కొన్న ఫ్లాటు ఉందని, ఎనిమిదేళ్ల కూతురు ఉందని, భర్త తల్లిదండ్రులు సొంతూళ్లో ఉన్నారని అనుకుందాం. భర్త వీలునామా రాయకుండా మరణిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని సగం వాటా భార్యకు, కూతురికి, తల్లికి సమానంగా చెందుతుంది. తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి కాడు. ఆ లెక్కన ఫ్లాటులో భార్యకు మూడింట రెండు వంతులు, కూతురికి ఆరో వంతు, అత్తగారికి ఆరో వంతు వస్తాయి. కూతురు మైనరు కనుక, ఆమె వాటాను అమ్మాలంటే తల్లి అయినా సరే కోర్టు అనుమతి తెచ్చుకోవాలని అదే ఏడాది వచ్చిన హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం అంటుంది. అత్తగారు కూడా వీలునామా లేకుండా మరణిస్తే ఆమె ఆరో వంతులోకి మామగారు, మరుదులు, ఆడపడుచులు, వారితోపాటు ఈ మనవరాలు వాటాదారులుగా వస్తారు. ఎవరి మనసులోనూ చెడు లేకపోయినా, ఒక్క ఫ్లాటు అమ్మకానికి ఇన్ని సంతకాలు, ఒక కోర్టు ఉత్తర్వు కావలసి వస్తాయి. ఇటువంటి ఇంట్లో రెండు పేజీల సాదా వీలునామా సైతం ఎంతో మేలు చేస్తుంది.

ఉద్యోగం చేసే మహిళలకు ఈ అవసరం మరింత ఎక్కువ. హిందూ వారసత్వ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, పిల్లలు లేని వితంతువు వీలునామా లేకుండా మరణిస్తే, ఆమె సొంత జీతంతో కూడబెట్టిన ఆస్తి సైతం మొదట భర్త తరఫు వారసులకే పోతుంది, కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే వస్తుంది. 2009లో ఓం ప్రకాశ్, రాధాచరణ్‌ల మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధననే అమలు చేసింది. 2025 నవంబరులో అదే కోర్టు, హిందూ మహిళలు వీలునామా రాసుకోవాలని ప్రత్యేకంగా విజ్ఞప్తి చేసింది.

నామినీ పేరు ఇచ్చాం కదా అన్న ధీమా కూడా చాలా ఇళ్లలో వీలునామాకు అడ్డు వస్తుంది. నామినీ అంటే ఖాతాదారు మరణానంతరం సంస్థ నుంచి సొమ్మును స్వీకరించడానికి అర్హత ఉన్న వ్యక్తి. ఆ సొమ్ముకు యజమాని ఎవరన్నది వారసత్వ చట్టమో వీలునామానో తేలుస్తుంది. కంపెనీ షేర్ల విషయంలోనూ నామినీ యజమాని కాడని 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జీవిత బీమాలో జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ము వారికే చెందే వీలును 2015 సవరణ కల్పించింది గానీ, దాన్ని చూసి బ్యాంకు డిపాజిట్లకూ డీమ్యాట్ ఖాతాకూ అదే వర్తిస్తుందని అనుకోవడం పొరపాటు. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరిన రోజున తండ్రి పేరు రాసి, ఆ తర్వాత మార్చని నామినేషన్లు ఈ కారిడార్‌లో సర్వసాధారణం కనుక, వీలునామాను, నామినేషన్లను పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూసుకోవడం అవసరం.

ఆస్తి అంతా స్వార్జితమై, అంతా భారతదేశంలోనే ఉండి, చెందవలసినది జీవిత భాగస్వామికీ పిల్లలకే అయి, ఈ పంపకంతో ఎవరికీ పేచీ లేకపోతే, వీలునామాను సొంతంగా రాసుకోవడంలో తప్పేమీ లేదు. అయితే సొంత రాతలో రెండు లోపాలు తరచుగా దొర్లుతాయి. ఒకటి, ఆస్తులను జాబితాగా రాసి అంతటితో ముగించడం: కొండాపూర్ ఫ్లాటు భార్యకు అని రాసిన వ్యక్తి దాన్ని అమ్మి తెల్లాపూర్‌లో విల్లా కొని, వీలునామా మార్చకుండా మరణిస్తే, ఆ పంక్తికి విలువ పోతుంది, విల్లా గురించి వీలునామా ఏమీ చెప్పనట్టే అవుతుంది. అందుకే పేర్కొన్నవి గాక మిగిలిన ఆస్తి, ఇకపై సంపాదించే ఆస్తి ఎవరికి చెందాలో చెప్పే మిగులు ఆస్తి నిబంధన ఒకటి ఉండాలి. రెండోది, తమకంటే ముందే లబ్ధిదారు మరణిస్తే ఆ వాటా ఎవరికన్నది రాయకపోవడం. భార్యాభర్తలు ఒకే ప్రమాదంలో పోయే అవకాశాన్ని తలచుకోవడం కష్టమే అయినా, పిల్లల సంరక్షకులెవరో, వారి సొమ్మును ఎవరు చూసుకోవాలో ఇద్దరి వీలునామాలూ చెప్పి తీరాలి. సంతకాలయ్యాక కాగితం మీద కొట్టివేతలు, చేర్పులు చేస్తే, వాటికీ సాక్షుల సమక్షంలో సంతకాలు ఉంటే తప్ప చెల్లవు కనుక కొత్తగా రాసుకోవడమే మేలు.

ఎవరు రాసినా, వీలునామా బలం ఎక్కువగా సాక్షుల మీద ఆధారపడుతుంది. సాక్షి సంతకం చేసిన వారిలో ఒకరైనా బతికి ఉండి, పిలిస్తే రాగలిగితే, వారిని కోర్టులో విచారించకుండా వీలునామాను రుజువుగా స్వీకరించరాదన్నది పాత సాక్ష్య చట్టంలోనూ, 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉన్న నియమం. పక్క సీటులో కూర్చునే సహోద్యోగి ఈ ఏడాది గచ్చిబౌలిలో ఉండి, మరో అయిదేళ్లకు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉండే చోట, సాక్షిగా అతన్ని ఎంచుకోవడం సులువే గానీ తెలివైన పని కాదు. వయసులో చిన్నవారై, ఊరు మారే అవకాశం తక్కువగా ఉండి, వీలునామా వల్ల లాభం పొందని వారిని ఎంచుకోవాలి. ఒకరు కుటుంబ వైద్యుడైతే మతి స్థిమితం గురించి తలెత్తే ప్రశ్నకూ సమాధానం దొరుకుతుంది.

వకీలు అవసరం నిజంగా కలిగే సందర్భాలు వేరు. మొదటిది పిత్రార్జిత భూమి: హిందూ ఉమ్మడి ఆస్తిలో ఎవరైనా తమ వాటాను మాత్రమే వీలునామా ద్వారా ఇవ్వగలరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986 సవరణతో పెళ్లికాని కూతుళ్లకు, 2005 కేంద్ర సవరణ, దానిపై 2020లో వినీతా శర్మ కేసు తీర్పుతో కూతుళ్లందరికీ పుట్టుకతోనే సమాన హక్కు ఏర్పడినందువల్ల, తండ్రి మొత్తం పొలాన్ని కొడుకు పేరున రాసినంత మాత్రాన అది అతనిది కాదు. రెండోది అమెరికా కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చిన షేర్లు: భారతదేశం ఎస్టేట్ సుంకాన్ని 1985లోనే ఎత్తివేసినా, అమెరికాలో స్థిరనివాసం గానీ పౌరసత్వం గానీ లేని వ్యక్తి మరణించేనాటికి అక్కడి ఆస్తి విలువ 60,000 డాలర్లు దాటితే ఆ దేశపు ఎస్టేట్ పన్ను రిటర్ను దాఖలు చేయాలి, పన్ను రేటు 40 శాతం దాకా వెళుతుంది. ఇది వీలునామాతో తొలగిపోయే సమస్య కాదు. షేర్లను ఎప్పుడు అమ్మాలి, ఎంత ఉంచుకోవాలి అన్న నిర్ణయాలతో ముడిపడినది కనుక, వకీలుతోపాటు పన్ను నిపుణుడి సలహా కూడా కావాలి. రెండో పెళ్లి, సొంతంగా వ్యవహరించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డ, ఒక సంతానానికి తక్కువ వాటా, భాగస్వామ్య వ్యాపారం ఉన్న ఇళ్లదీ ఇదే దారి. ముస్లిం కుటుంబాల్లో సాధారణంగా మూడో వంతుకు మించిన ఆస్తిని వారసుల సమ్మతి లేకుండా వీలునామా ద్వారా ఇవ్వడం కుదరదు కనుక, వారికి హిందువుల నమూనా పత్రం పనికిరాదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది, కొడుకో కూతురో తమ ల్యాప్‌టాప్‌లో టైపు చేసి, పండక్కి వచ్చిన తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించే వీలునామా. లాభం పొందే వ్యక్తే రాతకోతల్లో ప్రధాన పాత్ర వహిస్తే అది అనుమానాస్పద పరిస్థితి అవుతుందని, ఆ అనుమానాన్ని తొలగించే భారం వీలునామాను ముందుకు తెచ్చిన వారిదేనని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్ని నేటికీ కోర్టులు అనుసరిస్తున్నాయి. ఇటువంటప్పుడు పిల్లలు గది బయట ఉండగా, పెద్దవారితో విడిగా మాట్లాడి రాసే వకీలుకు ఇచ్చే ఫీజు వృథా కాదు. దస్తావేజు లేఖరి భాషను సమకూరుస్తాడు; మంచి వకీలు కుటుంబం అడగడానికి మొహమాటపడే ప్రశ్నలను అడుగుతాడు.

ఈ రెండు దారుల మధ్య మూడోది ఉంది. ఆస్తుల పట్టిక, అప్పులు, వారసుల పేర్లు, పంపకం ఉద్దేశం సొంతంగా రాసుకుని, ఆ ముసాయిదాను వకీలు చేత ఒకసారి పరిశీలింపజేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఆలోచన మాత్రం కుటుంబానిదే అవుతుంది. ఆపై సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించుకోవచ్చు. కదలలేని వారి కోసం అధికారి ఇంటికి వచ్చే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. రిజిస్ట్రేషన్ వల్ల వీలునామా నిరూపణ పూర్తయిపోదు గానీ, పత్రం పోయిందనో ఫోర్జరీ అనో వచ్చే వాదనలు బలహీనపడతాయి. బొంబాయి, మద్రాసు, కలకత్తా నగరాల్లో హిందువుల వీలునామాలకు చాలాకాలం తప్పనిసరిగా ఉన్న ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, హైదరాబాద్‌లో తప్పనిసరి కాదు.

కనుక ముందుగా చేయవలసిన పని వకీలును వెతకడమూ కాదు, నమూనా పత్రాన్ని దింపుకోవడమూ కాదు. ఒక కాగితం మీద ప్రతి ఆస్తికి ఎదురుగా అది ఎలా వచ్చిందో, ఎవరి పేరున ఉందో, దానిపై ఎవరు హక్కు అడగగలరో రాసుకోవడం. ఆ మూడో గడిలో జీవిత భాగస్వామి, పిల్లల పేర్లు తప్ప మరొకటి లేని కుటుంబం ఆ వారాంతంలోనే సొంతంగా వీలునామా రాసుకోవచ్చు. మరొక్క పేరు కనిపించినా, ఆ పేరు గురించి వకీలుతో మాట్లాడాక రాసుకోవాలి. పెళ్లి, సంతానం, ఇంటి అమ్మకం, విదేశీ స్థిరనివాసం వంటి మార్పులు వచ్చినప్పుడల్లా ఆ గడిని మళ్లీ నింపుకుని చూడాలి.