చైతన్యపురి గదిలో యూనివర్సిటీ ముచ్చట

తెల్లారి ఐదున్నరకు ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సు దిగాను. విజయవాడ హైవే మీద వచ్చే బస్సులు నగరంలోకి రాగానే జనాన్ని దింపే చోట్లలో ఇదొకటి. నాగార్జునసాగర్ రోడ్డు కూడా ఇక్కడికే వచ్చి కలుస్తుంది. సూర్యాపేట, కోదాడ, నల్లగొండ, ఖమ్మం నుంచి వచ్చిన బస్సుల్లోంచి దిగేవాళ్లలో సగం మంది చదువుకునే పిల్లలే. భుజాన పుస్తకాల బ్యాగు, ఒక చేతిలో బియ్యం సంచి, ఇంకో చేతిలో పచ్చడి డబ్బా. నాతో పాటు దిగిన కుర్రాడు సంచిని ఆటోలో పెట్టి "చైతన్యపురి" అన్నాడు. నేను పోవాల్సిందీ అక్కడికే.

మా అక్క కొడుకు అక్కడ ఇంకో ఇద్దరితో కలిసి గదిలో ఉంటున్నాడు. ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం. పొద్దున యూనివర్సిటీ, సాయంత్రం గ్రూప్స్ కోచింగ్. సర్కారు యూనివర్సిటీల్లో చదివే పిల్లలు తమ క్లాసుల గురించి, సార్ల గురించి, మేడమ్‌ల గురించి ఏమనుకుంటున్నారో వినాలని నాకు చాలా రోజులుగా ఉంది. క్యాంపస్‌లో నిలబెట్టి అడిగితే మాట బిగుసుకుపోతుంది. అన్నం తింటూ గదిలో మాట్లాడితే మనసులోది బయటికి వస్తుంది. అందుకని మూడు రోజులు వాళ్ల మధ్యే ఉన్నాను. ఆ వీధిలో మూడు నాలుగు యూనివర్సిటీల పిల్లలున్నారు. వాళ్లు కష్టం చెప్పుకున్న చోట ఏ యూనివర్సిటీ అనేది నేను రాయను. చెప్పినవాళ్ల పేర్లూ రాయను. నన్ను నమ్మి చెప్పారు.

ఈ వీధులు నాకు కొత్త కాదు. 1994లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. తెలుగులో చేరినప్పుడు గడ్డిఅన్నారంలో అద్దెకున్నాను. ఎండాకాలం పండ్ల మార్కెట్ నుంచి మామిడి వాసన గది కిటికీ దాకా వచ్చేది. ఆ మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది. ఎల్బీ నగర్ మున్సిపాలిటీ 2007లో మహానగరంలో కలిసిపోయింది. 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చింది. ఇన్ని మారినా గోడల మీద 'టులెట్' బోర్డులు, స్తంభాలకు కోచింగ్ కరపత్రాలు, చీకటి పడగానే కర్రీ పాయింట్ ముందు వరస మాత్రం మారలేదు. అన్నం గదిలో కుక్కర్లో వండుకుంటారు. టమాటా పప్పు, ఒక వేపుడు ప్యాకెట్లలో కట్టించుకుని తెచ్చుకుంటారు. ముగ్గురికి రెండు కూరలు. లెక్క తప్పదు.

మొదటి రాత్రి ఆ కూరల దగ్గరే మాట మొదలైంది.

"మామా, మా క్లాస్‌ల నలభై మంది ఉన్నరు. పొద్దున క్లాసుకు వచ్చేది ఎనిమిది మందో తొమ్మిది మందో," అన్నాడు అల్లుడు. ఎందుకు రారని అడిగాను. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. ఒకతనికి మధ్యాహ్నం దాకా బట్టల దుకాణంలో పని. ఇంకొకతను పొయ్యేవాడే, కానీ వరసగా మూడు రోజులు పోయి క్లాసు లేక తిరిగొచ్చాడు. "రెండు బస్సులు మారి పోతం సార్. పోయినంక ఇయ్యాల సార్ రాడు అంటరు. మనసు విరిగిపోతది." ఆ పేపర్‌కు ఆ సెమిస్టర్‌లో చెప్పే మనిషే లేడట. సెమిస్టర్ సగం గడిచాక ఒకరిని తీసుకున్నారు. ఆయన నెల రోజుల్లో ఐదు యూనిట్లూ పూర్తి చేయాల్సి వచ్చింది.

పిల్లలు బద్ధకస్తులు, పోటీ పరీక్షల పిచ్చిలో పడి క్లాసులు మానేస్తున్నారు అనే మాట నేను పెద్దవాళ్ల నోట చాలాసార్లు విన్నాను. ఆ రాత్రి తర్వాత ఆ మాట నేను అనలేను. తెలంగాణ వచ్చాక పదేళ్ల పాటు రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ అధ్యాపకుల నియామకాలు జరగలేదు. రిటైరైనవాళ్ల కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. నియామకాల కోసం ఉమ్మడి బోర్డు పెడతామని 2022లో శాసనసభ బిల్లు ఆమోదించింది. అది గవర్నర్ దగ్గర ఆగింది. పాఠాలు చాలావరకు కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల మీదే నడుస్తున్నాయి. పార్ట్‌టైం వాళ్లకు చెప్పిన క్లాసుల లెక్కన డబ్బులు. సెలవులొస్తే అవీ లేవు. క్లాసు గది ఖాళీగా కనిపిస్తే బెంచీల వైపే చూస్తాం. బోర్డు పక్కన ఖాళీ అయిన చోటు వైపు కూడా చూడాలి.

అయితే ఆ పిల్లలు అందరినీ ఒకే గాటన కట్టలేదు. మంచి సార్ అంటే ఎవరని అడిగితే ముగ్గురూ చెప్పిన మొదటి గుణం ఒకటే: టైముకు వస్తాడు. రెండోది: అడిగితే కోప్పడడు. విద్వత్తు మాట నాలుగోదో ఐదోదో వచ్చింది. మొదట నాకు బాధనిపించింది. ఆలోచిస్తే, దొరకని దాన్నే ఆకలి ముందు అడుగుతుంది కదా. గదిలోకి రావడమే గగనమైన చోట వచ్చి నిలబడ్డ మనిషిని చూసి పిల్లలు సంతోషిస్తారు.

మర్నాడు పొద్దున మెట్రో ఎక్కాను. చైతన్యపురి నుంచి ఆరో స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీ. దిగి నడిస్తే కోఠి మహిళా కళాశాల, ఇప్పటి వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. 1924లో మొదలైన కాలేజీ ఇది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలోకి 1949లో వచ్చింది. 2022లో యూనివర్సిటీ అయింది, 2024లో ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తి దగ్గర తన నాలుగెకరాల పంట కోసం దొర మీద నిలబడ్డ చాకలి ఐలమ్మ పేరు తెల్లదొర నివాసం గేటు మీద చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

మా అల్లుడి స్నేహితుడి చెల్లెలు అక్కడ చదువుతోంది. కొత్తపేటలో లేడీస్ హాస్టల్లో ఉంటుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం.

"ఫస్ట్ సెమిస్టర్‌ల ఒక్క ముక్క అర్థం కాలే అంకుల్. అంతా ఇంగ్లీషే. నోట్స్ రాసుకుంట కూసునేదాన్ని, ఏం రాస్తున్ననో నాకే తెలియకపొయ్యేది. ఒక మేడం ఉన్నది. ఇంగ్లీషుల చెప్తది, ఎనకకు తిరిగి మా మొఖాలు చూస్తది, మళ్ల తెలుగుల చెప్తది. నోట్స్ మాత్రం ఇంగ్లీషులనే రాపిస్తది. ఇప్పుడు నేను పేపర్ ఇంగ్లీషుల రాస్త."

మొఖాలు చూస్తది అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. బోధన మీద ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ. ఆ మేడం అరవై మందినీ పేర్లతో పిలుస్తుందట. రెండు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేస్తుందట. హాస్టల్ గేటు రాత్రి పెందలాడే మూసేస్తారు కాబట్టి కోచింగ్ క్లాసు ఆలస్యంగా అయ్యే రోజుల్లో ఈ అమ్మాయి వెళ్లలేదు. మగపిల్లలకు రెండు బడులుంటే ఆడపిల్లలకు చాలాసార్లు ఒక్కటే ఉంటుంది. యూనివర్సిటీ క్లాసు జరగని రోజు ఈ అమ్మాయికి పోయిన రోజే.

భాష సంగతి ఉస్మానియా పుట్టుకతోనే ఉంది. 1918లో మొదలైనప్పుడు అక్కడ బోధన ఉర్దూలో. శాస్త్రాలన్నీ ఉర్దూలోకి తేవడానికి అనువాద విభాగాన్నే పెట్టారు. తెలుగు ఇళ్ల పిల్లలు ఉర్దూ నేర్చుకుని లెక్కలు, చరిత్ర చదివారు. తర్వాత ఇంగ్లీషు వచ్చింది. పల్లె నుంచి వచ్చిన విద్యార్థి మొదటి ఏడాది భాషను మోయడానికే సరిపోవడం వందేళ్లుగా నడుస్తున్న కథ.

మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ తిరిగొచ్చి, మూసారాంబాగ్ వంతెన దాటి అంబర్‌పేట మీదుగా ఆర్ట్స్ కాలేజీకి పోయాను. గట్టి వానొస్తే మూసీ పొంగి ఈ దారి మూసేసేవాళ్లు. నా రోజుల్లో ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పోయిన దారి ఇదే. 1934లో పునాది వేసి 1939లో తెరిచిన ఆ గ్రానైటు భవనం మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. రాయప్రోలు సుబ్బారావు ఉస్మానియాలో తెలుగు చెప్పారు. ఖండవల్లి లక్ష్మీరంజనం, దివాకర్ల వేంకటావధాని, బిరుదురాజు రామరాజు, సి. నారాయణరెడ్డి ఇక్కడి ఆచార్యులు. జానపద గేయాన్ని పరిశోధనాంశంగా తీసుకున్న రామరాజు ఊళ్లు తిరిగి పాటలు సేకరించారు. అమ్మలక్కలు నాట్లేస్తూ పాడే పాటకు యూనివర్సిటీ తలుపు తెరిచిన మనిషి ఆయన.

నాకు గుర్తొచ్చింది మాత్రం పేరు పెద్దగా బయటికి రాని మా సార్ ఒకాయన. జూలైలో జోరువాన. క్లాసుకు ముగ్గురమే వచ్చాం. ఆయన తడిసిన గొడుగు మూలన ఆనించి, పోతన భాగవతం తీసి, ముప్పై మందికి చెప్పినట్టే గంటసేపు చెప్పారు. ఒక్క పద్యమే. గజేంద్రుడికి నమ్మకం సడలిన చోటు. ఆ రోజు రాసుకున్న కాగితం నా దగ్గర ఇంకా ఉంది.

సాయంత్రం అల్లుడితో పాటు రీడింగ్ రూముకు పోయాను. మూడో అంతస్తు. గుమ్మం ముందు నలభై జతల చెప్పులు. లోపల ప్లైవుడ్ గళ్లు, గడికో లైటు, ఫ్యాన్ చప్పుడు తప్ప మాట లేదు. గళ్ల మధ్య నడుస్తూ పుస్తకాలు చూశాను. సగం గళ్లలో తెలుగు అకాడమీ పుస్తకాలు, లేదా వాటి జిరాక్సులు. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివేవాళ్ల కోసం 1968లో పెట్టిన సంస్థ అది. ఆ పుస్తకాలు రాసింది ఎక్కువగా యూనివర్సిటీ, కాలేజీ అధ్యాపకులే. ఒక గడిలో సివిల్స్‌కు తెలుగు సాహిత్యం తీసుకున్న కుర్రాడు నారాయణరెడ్డి గారి 'ఆధునికాంధ్ర కవిత్వము' మీద ఎర్ర పెన్నుతో గీతలు పెడుతున్నాడు. అది ఆయన పరిశోధన గ్రంథం. తమ క్లాసుల్లో చెప్పే దిక్కు లేదని ముందు రాత్రి బాధపడ్డ పిల్లలు ఇక్కడ ఎన్నడో రాసిన ప్రొఫెసర్ల వాక్యాల మీదే రాత్రి పన్నెండు దాకా కూర్చుంటున్నారు. పాఠం మీద వాళ్లకు విరక్తి కలగలేదు. చెప్పే మనిషి కరువయ్యాడు.

అక్కడి నుంచి కోచింగ్ క్లాసుకు పోయాం. సెల్లార్‌లో రెండు వందల మంది. మైకు. సార్ ఆగకుండా గంటన్నర చెప్పాడు. ఏ ప్రశ్న ఏ ఏడాది వచ్చిందో నోటికే. మెట్లెక్కుతుంటే అల్లుడు మెల్లగా అన్నాడు: "మామా, పొద్దున యూనివర్సిటీల మాకు చెప్పేదీ ఈ సారే. పార్ట్‌టైం."

ఆయన కోసం బయట ఆగాం. నలభై ఏళ్లుంటాయి. పీహెచ్‌డీ చేసి పన్నెండేళ్లయిందట. ఇరానీ చాయ్ తాగుతూ మాట్లాడారు.

"ఇక్కడ ఎవరూ చెయ్యెత్తరు సార్. ఎత్తితే పక్కోడే 'కూసో, టైం పోతది' అంటడు. పొద్దున ఎనిమిది మంది ఉంటరు చూడండి, ఆళ్లల్ల ఒకడు అడుగుతడు: ధర పెరిగినంక కూడ రైతుకు ఎందుకు మిగుల్తలేదు అని. ఆ ప్రశ్నకు జవాబు నాకు కూడ పూర్తిగ తెల్వది. ఇంటికి పోయి చదువుకుంట. నేను మాస్టర్ను అనిపించేది అప్పుడే."

ఆ ప్రశ్న అడిగింది ఎవరని నేనడిగాను. ఆయన మా అల్లుడి వైపు చూపించారు. వాడు తల దించుకుని చాయ్ కప్పు తిప్పుతున్నాడు. మా బావ రెండెకరాల పత్తి రైతు.

ముగ్గురం దిల్‌సుఖ్‌నగర్ 107 బస్టాపు వైపు నడిచాం. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బాంబులు పేలింది ఈ చుట్టుపక్కలే. పోయినవాళ్లలో ఊళ్ల నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలున్నారు. ఎన్నిసార్లు ఇటు వచ్చినా నా కాళ్లు ఇక్కడ నెమ్మదిస్తాయి. సార్ కూడా కాసేపు మాట్లాడలేదు. ఆయన బ్యాగు జిప్పు పడకుండా ఉబ్బి ఉంది. ఇంటర్నల్ పరీక్ష పేపర్లట, నలభై. రేపటికి దిద్దాలి.

"నీది చూసిన రా," అన్నారు బస్సెక్కబోతూ అల్లుడితో. "మూడో జవాబు సగంల ఆపినవ్. రేపు పొద్దున జెర ముందుగాల రా, కూసోని మాట్లాడుదం."

గదికి వచ్చాక వాడు సెల్‌ఫోన్‌లో ఐదింటికి అలారం పెట్టుకున్నాడు.