రెండో భాగంలో కనిపించని మనిషి

ఎలుగుబంటి దాడిలో గాయపడిన ఒక స్త్రీ కొండదారిలో పడి ఉంటుంది. అదే దారిలో పోలీసు శిబిరాలకు తిండి సామగ్రి మోసే జీపు వస్తుంది. దాన్ని నడిపే కానిస్టేబుల్ కుమరేశన్ కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడమే పోలీసు పని అని ఇంకా నమ్ముతున్నవాడు. పైఅధికారి వద్దన్నా ఆమెను జీపులో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోతాడు. తిరిగి వచ్చాక అతడి మీద మోపిన నేరం ఆజ్ఞాధిక్కారం. క్షమాపణ చెబితే సరిపోతుందని తోటివారంతా నచ్చజెబుతారు. తాను చేసిన తప్పేమిటో అతడికి అర్థం కాదు కనుక క్షమాపణ చెప్పడు. శిక్షలు మాత్రం మౌనంగా అనుభవిస్తాడు.

వెట్రిమారన్ తీసిన 'విడుదలై' మొదటి భాగంలోని ఈ ఘట్టం, రాజ్యం గురించి ఇటీవలి భారతీయ సినిమా చెప్పిన అత్యంత సూటి మాటల్లో ఒకటి. 2023 మార్చిలో తమిళంలోనూ, కొద్ది రోజుల తర్వాత తెలుగులో 'విడుదల' పేరుతోనూ వచ్చిన ఈ చిత్రానికి మూలం జయమోహన్ రాసిన 'తుణైవన్' అనే కథ. ఆ పేరుకు తోడుగా ఉండేవాడని అర్థం. హాస్యపాత్రలకే పరిమితమైన సూరి చేత కుమరేశన్ పాత్ర వేయించడం దర్శకుడు తీసుకున్న మంచి నిర్ణయం. ప్రభుత్వం వెతుకుతున్న 'వాత్తియార్' పెరుమాళ్‌గా విజయ్ సేతుపతి ఈ భాగంలో కాసేపే కనిపిస్తాడు. కథంతా ఆ అమాయక కానిస్టేబుల్ కళ్లతోనే నడుస్తుంది. శిబిరంలో స్త్రీలను వివస్త్రలను చేసి హింసిస్తున్నప్పుడు, దాన్ని ఆపడానికి అతడికి తోచిన దారి ఒక్కటే: పెరుమాళ్ ఎక్కడున్నాడో తనకు తెలుసని చెప్పడం. మంచివాడు తన మంచితనం వల్లనే రాజ్యానికి పనిముట్టు అవుతాడు. ఆ ఒక్క మలుపులో ఉన్న రాజకీయ విశ్లేషణ ఎన్నో సంపాదకీయాల్లో కనిపించదు.

ఆ దృశ్యాలు చూసినవారికి వాచాతి గుర్తుకు రాక తప్పదు. 1992 జూన్‌లో తమిళనాడు ధర్మపురి జిల్లాలోని ఆ గిరిజన గ్రామం మీద, చందనం దొంగరవాణాను అరికట్టే పేరుతో అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది విరుచుకుపడ్డారు. 18 మంది స్త్రీల మీద అత్యాచారం జరిగింది. నిందితులు 269 మంది. ప్రత్యేక న్యాయస్థానం 2011లో తీర్పు చెప్పేనాటికి వారిలో 54 మంది చనిపోయారు. మిగిలిన 215 మందీ దోషులని తేలింది. ఆ శిక్షలను మద్రాసు హైకోర్టు ఖరారు చేసింది 2023 సెప్టెంబరులో, అంటే 'విడుదలై' మొదటి భాగం వచ్చిన ఆరు నెలలకు. సినిమా 1980ల నాటి కల్పిత కథ. తీర్పు మాత్రం కల్పితం కాదు.

2024 డిసెంబరులో వచ్చిన రెండో భాగానికి వెళ్లినవారిలో చాలామంది కుమరేశన్‌కు ఏమైందో తెలుసుకోవాలని వెళ్లారు. అతడు తెరమీద ఉన్నాడు, పట్టుబడిన పెరుమాళ్‌ను అడవి గుండా తరలిస్తున్న పోలీసుల గుంపులో ఒకడిగా. కథ మాత్రం అతడి చేతుల్లోంచి జారిపోయింది. బడిపంతులు పెరుమాళ్ కమ్యూనిస్టు ఎలా అయ్యాడు, కార్మిక సంఘంలోకి ఎలా వచ్చాడు, సాయుధ మార్గాన్ని ఎందుకు ఎంచుకున్నాడు, దానిమీద అతడికి మిగిలిన సందేహాలేమిటి అన్నవన్నీ అతడే చెబుతాడు. అతడి మాటల్లో చాలావరకు నిజాలే. కానీ మొదటి భాగంలో ప్రేక్షకుడు తానే కనుగొన్న నిజాలు ఇక్కడ పాఠాలయ్యాయి. సిద్ధాంతం లేని నాయకుడు అభిమానులను మాత్రమే తయారు చేస్తాడన్న అర్థం వచ్చే మాట ఒకటి అతడి నోట వినిపిస్తుంది. ఆ ఏడాదే నటుడు విజయ్ పార్టీ పెట్టి ఉన్నందున థియేటర్లు ఆ మాటకు ఈలలతో మారుమోగాయి. ఆ ఈలలు కూడా అభిమానుల ఈలలే కదా!

రెండో భాగంలో నిజంగా కొత్తది అడవి కాదు, సచివాలయం. ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, పోలీసు అధికారులు ఒక గదిలో కూర్చుని, పెరుమాళ్ అరెస్టు వార్త ఎప్పుడు, ఏ రూపంలో పత్రికలకు చేరాలో తర్జనభర్జన పడే సన్నివేశాలు. అక్కడ ఎవరూ అరవరు. ఎవరి చేతికీ నెత్తురు అంటదు. కొండమీద ఒక మనిషి బతకాలా వద్దా అన్నది ఆ గదిలో వాక్యనిర్మాణ సమస్యగా మారిపోతుంది. విలేకరుల వృత్తిలో ఉన్నవారెవరైనా ఆ సన్నివేశాలను కాస్త ఇబ్బందిగానే చూసి ఉంటారు. ఆ గదిలో తయారైన వాక్యమే మర్నాడు మొదటి పేజీలో యథాతథంగా అచ్చవుతుందని వారికి తెలుసు.

సాహిత్యం తెరకెక్కినప్పుడు చిన్న మనిషి స్థానంలోకి పెద్ద మనిషి రావడం వెట్రిమారన్‌కు కొత్త కాదు. పూమణి 1982లో రాసిన 'వెక్కై' నవలలో కథ పదిహేనేళ్ల కుర్రవాడిది. హత్య చేసి, తండ్రితో అడవుల్లో దాక్కుంటూ తిరిగే ఆ పిల్లవాడి ఆకలి, భయం, నిద్రలేమి ఆ నవలకు ప్రాణం. దాన్ని 2019లో 'అసురన్'గా తీసినప్పుడు కథ తండ్రిది అయింది. ధనుష్ ఆ తండ్రిగా గొప్పగా నటించాడు, జాతీయ అవార్డు కూడా అందుకున్నాడు. సినిమా మంచిదే. కానీ తండ్రి గతం ఎంత పెరిగితే కుర్రవాడి వర్తమానం అంత కుంచించుకుపోయింది. 2021లో వచ్చిన తెలుగు 'నారప్ప' ఆ తండ్రిని మరింత కథానాయకుడిని చేసింది. దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

వెట్రిమారనే తీసిన 'విసారణై' ఇందుకు మినహాయింపు. పైగా అది తెలుగువారు తప్పక చూడవలసిన చిత్రం. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ చంద్రకుమార్ గుంటూరు పోలీసుల చేతుల్లో తాను పడ్డ హింసను 'లాకప్' పేరుతో నవలగా రాశాడు. సినిమాలో నలుగురు తమిళ కూలీలు గుంటూరు పార్కులో పడుకుంటారు. పెద్దింటి దొంగతనం కేసు మూసేయడానికి నేరం ఒప్పుకునేవారు కావాలి, వీరు దొరుకుతారు. ఏం అడుగుతున్నారో వారికి అర్థం కాదు, ఎందుకంటే అడిగేది తెలుగులో. 2015లో వెనిస్ ఉత్సవంలో ప్రదర్శించిన ఈ చిత్రాన్ని ప్రపంచమంతా పోలీసు హింస గురించిన సినిమాగా చూసింది. తెలుగు ప్రేక్షకుడికి అందులో మరొకటి వినబడుతుంది: తన మాతృభాష ఇతరుల చెవికి దెబ్బల భాషగా ఎలా ఉంటుందో. అజంత భాష, తేనెలొలుకు భాష అని సభల్లో చెప్పుకునే దాన్ని ఠాణా గోడ అవతలినుంచి వినడం ఆరోగ్యకరమైన అనుభవం.

నవల మొదటి సగంతోనే ముగుస్తుంది. చంద్రకుమార్ బతికి బయటపడ్డాడు, అందుకే రాయగలిగాడు. తర్వాతి సగం దర్శకుడు చేర్చినది. అందులో ఆ కూలీలు తమిళ పోలీసుల రహస్యానికి సాక్షులై, ఆ కారణంగానే ప్రాణాలు పోగొట్టుకుంటారు. బతికినవాడి కథకు బతకనివారి కథను జోడించడం మూలానికి ద్రోహమని కొందరన్నారు. ఆ విమర్శ నిలవదు. రాయడానికి మిగలనివారి వాంగ్మూలం మరెక్కడ నమోదవుతుంది?

ఆ ప్రశ్నతో 'పుష్ప' దగ్గరికి వస్తే విచిత్రంగా ఉంటుంది. అదీ శేషాచలం అడవే, అవే ఎర్రచందనం దుంగలు, అదే పోలీసు. 2021 నాటి మొదటి భాగంలో పుష్పరాజ్ గొడ్డలి పట్టిన కూలీ. కూలి రేటు దగ్గర బేరమాడతాడు, ఇంటిపేరు లేని అవమానాన్ని మోస్తాడు. అల్లు అర్జున్‌కు తెలుగు నటుల్లో తొలిసారిగా జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం తెచ్చిపెట్టింది ఆ వంగిన భుజం. 2024 చివర వచ్చిన రెండో భాగంలో భుజం అలాగే ఉంది, బరువు లేదు. అతడి కూలీలను ఠాణాలో పెడితే, అతడు వచ్చి ఠాణాలోని పోలీసులందరికీ జీవితకాలపు సంపాదన లెక్కకట్టి ఇచ్చి ఉద్యోగాలు మాన్పిస్తాడు. 'విసారణై'లోని నలుగురు ఆ సన్నివేశం చూస్తే ఏమనుకుంటారో! ముఖ్యమంత్రి తనతో ఫొటో దిగలేదని ముఖ్యమంత్రినే మార్చేస్తాడు. థియేటర్లో అందరూ నవ్వారు. దేశ రాజకీయాలను పాతికేళ్లుగా గమనిస్తున్నవారికి ఆ సన్నివేశంలో అతిశయోక్తి అంతగా కనిపించకపోవచ్చు.

2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో, తిరుపతికి దగ్గరలో, ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక పోలీసు దళం కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవారు. పలువురు కొండప్రాంతాల పేదలు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. పట్టుకుని కాల్చారన్నారు హక్కుల సంఘాలవారు. ఆ 20 మంది మీద తెలుగులో భారీ చిత్రం ఏదీ రాలేదు. కానీ వారు నరికిన చెట్ల మీద రెండు భాగాలు వచ్చాయి, మూడోదీ ప్రకటించారు. ఇందులో దర్శకుడు సుకుమార్ తప్పు కన్నా రెండో భాగం అనే వ్యాపార రూపం తప్పే ఎక్కువ. మొదటి భాగంలో గెలిచినవాడు రెండో భాగంలో ఇంకా పెద్ద గెలుపు గెలవాలి. కూలీకి అలాంటి గెలుపు లేదు కాబట్టి కూలీ కథలోంచి వెళ్లిపోతాడు.

రాజుల కథలో ఆ చిక్కు ఉండకూడదు. కానీ 'పొన్నియిన్ సెల్వన్'లో మరో చిక్కు వచ్చింది. కల్కి కృష్ణమూర్తి ఆ నవలను 1950లో తన పత్రికలో ధారావాహికగా మొదలుపెట్టి 1954లో ముగించారు. అంటే గణతంత్రం ఏర్పడి, మొదటి సాధారణ ఎన్నికలు జరిగి, నెహ్రూ ప్రభుత్వం కుదురుకుంటున్న సంవత్సరాలు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లిన రచయిత, సింహాసనాన్ని చేజిక్కించుకునే రాజు కథ కాక, దాన్ని మరొకరికి వదిలిపెట్టే రాకుమారుడి కథ రాశాడు. ప్రజాస్వామ్యం తొలి అడుగులు వేస్తున్న దేశానికి, అధికారం చేతికి అందినప్పుడు ఏం చేయాలన్నది అయిదు సంపుటాల మేర చెప్పాడు. మణిరత్నం 2022, 2023లలో ఆ సంపుటాలను అయిదున్నర గంటల రెండు చిత్రాలుగా కుదించారు. మొదటిదానిలో ప్రయాణం ఉంది, కార్తి వేసిన వందియదేవన్ అల్లరి ఉంది. రెండోదానిలో ఆదిత్త కరికాలన్, నందినిల చివరి కలయిక మరపురానిది. అయితే అసలు మధురాంతకుడు ఎవరన్న నవలలోని మలుపును వదిలేయడంతో, త్యాగం ఘట్టం హడావుడిగా ముగిసిపోయే మర్యాదలా మిగిలింది.

తెర బయట జరిగినది ఇంకా ఆసక్తికరం. మొదటి భాగం వచ్చిన కొద్ది రోజులకే, రాజరాజ చోళుడిని హిందూ రాజుగా చిత్రించి తమిళుల గుర్తింపులను లాగేసుకుంటున్నారని వెట్రిమారన్ అన్నారు. ఆ కాలంలో శైవం, వైష్ణవం, జైనం ఉన్నాయే కాని హిందూ అన్న పేరు లేదని కమల్ హాసన్ వత్తాసు పలికారు. బీజేపీ నేతలు మండిపడ్డారు. రెండో భాగం 2023 ఏప్రిల్ 28న విడుదలైంది. సరిగ్గా నెలకు, మే 28న, చోళుల అధికార మార్పిడి సంప్రదాయాన్ని చెబుతూ కొత్త పార్లమెంటు భవనంలో స్పీకర్ ఆసనం పక్కన సెంగోల్‌ను ప్రతిష్ఠించారు. సినిమాకూ దీనికీ కార్యకారణ సంబంధం అంటగట్టనక్కర్లేదు. కానీ కల్కి త్యాగానికి ప్రతీకగా నిలిపిన వంశం, డెబ్బై ఏళ్ల తర్వాత దండానికి ప్రతీకగా ఢిల్లీ చేరిందన్నది గమనించదగినది.

ఈ గొడవంతా తమిళులదేనని తెలుగునాట చాలామంది తప్పుకున్నారు. రాజరాజ చోళుడి కూతురు కుందవ్వ వేంగి రాజు విమలాదిత్యుడి భార్య. ఆమె కొడుకు రాజరాజనరేంద్రుడు. అతడి కొలువులోనే నన్నయ భారతం మొదలుపెట్టాడు. అంటే తెలుగు ఆదికావ్యాన్ని రాయించినవాడు పొన్నియిన్ సెల్వన్‌కు స్వయానా కూతురి కొడుకు. వారసత్వం ఎవరిదన్న తగాదాలో ఇలాంటి వాస్తవాలు ఎవరికీ పనికిరావు.

చివరగా మలయాళంనుంచి 'ఆడుజీవితం'. బెన్యామిన్ నవల 2008లో వచ్చింది. బ్లెస్సీ ఏళ్లతరబడి శ్రమించి 2024 మార్చిలో తెరకెక్కించాడు. దీనికి రెండో భాగం లేదు, ఉండే అవకాశమూ లేదు. నవల జైలుతో మొదలవుతుంది. గల్ఫ్‌లో చిక్కుకున్న ఇద్దరు మనుషులు తమను అరెస్టు చేయమని పోలీసుల వెంటపడతారు, ఎందుకంటే జైలులో తిండి ఉంది, ఇంటికి పంపే దారి ఉంది. ఆ వ్యంగ్యాన్ని సినిమా చివరికి నెట్టేసి, మధ్యలో ఎడారిని పరిచింది. ఎడారి అద్భుతంగా ఉంది, కాస్త ఎక్కువ అద్భుతంగానే. పృథ్వీరాజ్ శరీరం శిథిలమవుతున్నది చూస్తుంటే, దాన్ని శిథిలం చేసినది ఇసుకా, కఫాలా పద్ధతా అన్న సంగతి మరుగున పడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల్లో ఈ సినిమా చూసిన కుటుంబాలకు ఆ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏజెంటు, వీసా, యజమాని పేరు అన్నవి అక్కడి ఇళ్లలో రోజువారీ మాటలు.

అయినా ఒక ఘట్టం దగ్గర చిత్రం నవలకు దీటుగా నిలబడింది. జైలులో వరుసగా నిలబెట్టిన ఖైదీల్లోంచి, పారిపోయిన తమ పనివారిని గుర్తుపట్టి తీసుకుపోవడానికి యజమానులు వస్తారు. నజీబ్‌ను ఏళ్లతరబడి గొర్రెల మధ్య బంధించినవాడూ వస్తాడు. అతడి ముందు ఆగుతాడు, చూస్తాడు, వదిలేసి వెళ్లిపోతాడు. కనికరించాడా అనిపిస్తుంది. తర్వాత ఒక అధికారి చెబుతాడు: నజీబ్ అతడి వీసా మీద వచ్చినవాడు కాదట, అయివుంటే ఈడ్చుకుపోయేవాడినని చెప్పి వెళ్లాడట. విమానాశ్రయంలో ఎవరో ఒకరు కావాలని చేతికందినవాడిని తీసుకుపోయాడు, అంతే. అన్ని సంవత్సరాల బానిసత్వానికి కనీసం కాగితం కూడా లేదు.