అంటీముట్టనట్టు

"ఏవే అమ్మాయ్, వచ్చి మూడ్రోజులైంది. అంటీముట్టనట్టు తిరుగుతున్నావేంటి?"

నరసాపురంలో మా పెద్దమ్మ అరుగు మీద అల్లిక అల్లుతూ, తలెత్తకుండానే అంది. సూది ఆగలేదు. కొలోన్ నుంచి నాలుగేళ్ళకి వచ్చాను. అడిగినదానికి జవాబు చెబుతున్నాను, పెట్టింది తింటున్నాను. అయినా ఆ మాట పడింది. కలుక్కుమంది.

ఎందుకంటే అదే మాట, జర్మనీలో మా పై వాటా ఆవిణ్ణి పదేళ్ళుగా నేనంటున్నాను. మెట్ల మీద ఎదురైతే ఒక పలకరింపు, అంతే. ఇన్నేళ్ళకీ మర్యాద పిలుపు 'జీ' దాటి చనువు పిలుపు 'డూ' దాకా మేం రాలేదు. 'మీరు' అన్నంతమాత్రాన మనకి దూరం కాదు. మా వైపు "ఆయ్, అలాగేనండి" అంటూనే వంటింటి గుమ్మం దాకా వచ్చి "ఏం కూరండీ?" అని అడుగుతారు.

ఆ రాత్రి నిద్రపట్టక మాటని విప్పి చూసుకున్నాను. ముభావం వేరు, అది ఇవాళ్టి మనసు, రేపటికి పోతుంది. ముక్తసరి మాటతీరు. నిర్లిప్తతకైతే గౌరవం కూడా ఉంది. ఇది అలా కాదు. చూసీచూడనట్టు అంటే చూశాడనే అర్థం. వినీవిననట్టు అంటే విన్నాడనే. అంటీముట్టనట్టు ఉండాలన్నా ముందు అంటి ఉండాలి, ఆ తరవాతే ముట్టనట్టు మసలడం. ఎన్నడూ అంటని మనిషికి ఈ మాట చెల్లదు. పై వాటా ఆవిడ నాకేమీ బాకీ లేదు. నేను పెద్దమ్మకి బాకీ.

అంటు అనే చిన్న మాటలో మైల ఉంది, రోగం ఉంది, మనుషుల్ని ఊరవతల నిలబెట్టిన అంటరానితనం ఉంది. కడియం నర్సరీల్లో కట్టే మామిడంటూ అదే. తొట్టిలో మొక్కకీ తల్లిచెట్టు కొమ్మకీ రెండింటికీ చెక్కు తీసి, గాటుకి గాటు ఆనించి కడతారు. ఒక్కదానికే చెక్కితే అంటు పట్టదు.

పెద్దమ్మ అల్లిక తలుచుకుంటే మరియా మీస్ గుర్తొచ్చారు. నేనుండే కొలోన్‌లోనే సోషియాలజీ బోధించిన ప్రొఫెసర్. స్కాట్లండ్ మిషనరీలు 19వ శతాబ్దంలో తెచ్చిన ఈ అల్లికల పనిని మా ఊళ్ళచుట్టూ తిరిగి పరిశీలించి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వేశారు. ఇంటి ఆడవాళ్ళ తీరికవేళ కాలక్షేపంగా చెలామణీ అయినది నిజానికి గంటల తరబడి సాగే కూలిపని అనీ, ఆ సరుకు విదేశాలకి పోతున్నా కూలి అతి తక్కువనీ చూపించారు. అంటీముట్టని దేశమని నేననుకున్న చోటి నుంచి వచ్చిన మనిషి కూలి ఎంతన్న ప్రశ్న అడిగింది. కూర అడిగే మేం అడగలేదు. ఆ అరుగు మీదే ఆడుకుంటూ పెరిగాను, పెద్దమ్మ వేళ్ళు చూసీచూడనట్టు. 2024లో మా అల్లికకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందని కొలోన్‌లో తెలిసినవాళ్ళందరికీ చెప్పుకుని మురిశాను కూడా.

పొద్దున్నే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఒళ్ళో దారపుండ దొర్లుతోంది.

"పెద్దమ్మా, ఈ పువ్వులకి డజనుకెంత ఇస్తున్నారు?"

సూది ఆగింది. మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఇన్నాళ్ళకి అడిగావే," అంటూ కాస్త ఇటు జరిగింది. వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పడం మొదలుపెట్టింది.