రూతు ఏరిన పరిగె

నాగల్‌గిద్ద ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రం. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ హోదా వచ్చింది. నా చిన్నతనంలో మాత్రం అది నారాయణఖేడ్‌కు అవతల, బీదరు సరిహద్దుకు ఆనుకుని ఉన్న నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ కలగలిసి నడిచేవి. వానాకాలం కంది, పెసర, మినుము. యాసంగికి తెల్లజొన్న, శనగ. జొన్న కోతలు ఊపందుకునే వేళకు ఈస్టరుకు ముందటి శ్రమదినాలు కూడా వచ్చేవి. పగలు చేలో కొడవలి, రాత్రి ఎవరో ఒకరి వాకిట్లో ప్రార్థన కూటం.

కూటానికి పెద్ద సరంజామా ఉండేది కాదు. పరుచుకోవడానికి గొంగళ్లు, ఒక కందీలు, ఒక కంజిర, ఒక బైబిలు. చదువు వచ్చినవాళ్లు తక్కువ గనక బడికి పోయే పిల్లలకు చదివే పని పడేది. మేం వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివితే, పాస్టరయ్య వాక్యం చెప్పేవాడు. ఆయన ముగించి గ్లాసెడు చాయ్ తాగుతుండగా పెద్దవాళ్ల మాటలు మొదలయ్యేవి. అక్షరం రానివాళ్లు చేసిన ఆ వ్యాఖ్యానమే నాకు ఎక్కువ గుర్తుంది.

ద్రాక్షతోట కూలీల ఉపమానం చదివిన రాత్రి వాకిలి రెండుగా చీలింది. మత్తయి సువార్త 20వ అధ్యాయం. పొద్దున వచ్చినవాడికీ, పొద్దుగూకే ముందు వచ్చినవాడికీ యజమాని ఒకే దేనారం ఇస్తాడు. చెరుకు కొట్టడానికి వలసపోయి వచ్చిన ఒక పెద్దాయనకు అది మింగుడు పడలేదు. ‘‘పొద్దుగాల్నుంచి ఎండల సచ్చినోనికి గంతే, గంట చేసినోనికి గంతేనా?’’ అన్నాడు. గోడకు ఆనుకుని కూర్చున్న ఇంకొకాయన పట్నంలో అడ్డా మీద నిలబడ్డ మనిషి. ‘‘అడ్డ మీద నిలవడుడు పని గాదా, మామా? ఎవడన్న పిలుస్తడా అని సూసుడే పెద్ద కష్టం’’ అన్నాడు. ఎవరూ తమను పిలవలేదని ఆ చివరి కూలీలు యజమానికి చెప్పుకున్న మాట ఉపమానంలోనే ఉంది. దాని బరువు ఆ రాత్రి అర్థమైంది.

మా నాయినమ్మకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది రూతు గ్రంథం. అందులో ఉన్నవి నాలుగే అధ్యాయాలు. కరువుకు ఊరు విడిచిన కుటుంబం, పరాయి దేశంలో మగవాళ్లందరి చావు, కోడలిని వెంటబెట్టుకుని బేత్లెహేముకు తిరిగొచ్చిన అత్త. వాళ్లు వచ్చేసరికి యవల కోత మొదలవుతుంది. మోయాబు పిల్ల రూతు కోతగాళ్ల వెనక పరిగె ఏరడానికి పోతుంది. మా వాకిట్లో ఆడవాళ్లకు ఇందులో విడమరిచి చెప్పవలసిందేమీ లేదు. వాళ్లూ చేసేది అదే. కోత అయిపోయిన చేలో నడుం వంచి, మొదళ్ల మధ్య రాలిన కంకులు ఏరి ఒడిలో వేసుకునేవాళ్లు. రోజంతా ఏరితే మానెడు గింజలు రాలితే రాలినట్టు.

ఒకసారి ఒక ఆసామి జీతగాడు గట్టు మీద అడ్డం నిలబడి నాయినమ్మ ఒడి విప్పించాడట. కుప్పలోంచి తీసిందేమోనని అనుమానం. కొంగు ముడి విప్పి అందరి ముందూ దులపాల్సి వచ్చింది. కంకులు తిరిగి ఇచ్చారు గానీ ఆ దులపడం ఆమె మరిచిపోలేదు. అందుకే రూతు పరిగె ఏరిన చేను యజమాని బోయజు తన పనివాళ్లకు చెప్పే మాట చదివేటప్పుడు మళ్లీ చదవమనేది. పనల మధ్య ఏరుకున్నా రూతును అవమానించవద్దంటాడు. కట్టల్లోంచి కొన్ని పిడికిళ్లు కావాలనే జారవిడవమంటాడు. చేను అంచులు కోయకుండా బీదలకూ పరదేశులకూ వదలాలన్న ఆజ్ఞ లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉండనే ఉంది. బోయజు దాని మీద ఇంకొంచెం వేశాడు.

‘‘వాళ్లు కావాలనే ఇడ్సిరని ఆమెకెర్క లేదు. అంత నా కష్టమే అనుకుంటది. పెడితే గట్ల పెట్టాలె’’ అనేది నాయినమ్మ. రూతు తనకు పెట్టిన వేయించిన గింజల్లో కొంత మిగిల్చి అత్తకు తెస్తుంది. ఆ చోటికి రాగానే కోడళ్ల వైపు ఓరగా చూసేది. వాళ్లు నవ్వేవాళ్లు.

మెదక్ చర్చి సంగతి కూడా ఆమె అదే తూకంతో చూసింది. మిషనరీ పాస్నెట్ దొర 1914లో కట్టడం మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించిన గుడి అది. గోపురం ఎత్తు 175 అడుగులు. కరువులో ఆకలితో వచ్చినవాళ్లకు ఊరికే పెట్టకుండా రాళ్లు మోసే పని ఇచ్చి అన్నం పెట్టాడని మా వైపు చెప్పుకుంటారు. మేం పోయినప్పుడు పిల్లలందరం రంగుటద్దాల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం చూస్తూ నిలబడితే, ఆమె రాతి గోడను అరచేత్తో తడిమి, ‘‘కూలి ఇచ్చి కట్టిచ్చిండు’’ అంది. ఆమె మెచ్చుకోలు అంతవరకే.

ఇప్పుడు పొద్దున్నే ఫోనులో వాక్యధ్యానాలు వస్తాయి. రూతు మీద వచ్చేవి ఎక్కువగా విశ్వాసం గురించీ, మంచి సంబంధం కోసం ఓపిక పట్టడం గురించీ ఉంటాయి. అందులో తప్పేం లేదు. చేలో ఒడి దులిపించుకున్న మనిషి పక్కన కూర్చుని చదివినవాడికి మాత్రం ముందు ఆ జారవిడిచిన పిడికిళ్లే కనిపిస్తాయి.

కోత పండుగ నాడు గుళ్లో గుమ్మడికాయలు, జొన్న కంకులు వేలం వేసేవాళ్లు. ఆ డబ్బుతో తర్వాత ఫ్యాన్లు వచ్చాయి. రెక్కల మీద దాతల పేర్లు ఎర్రరంగుతో రాసి ఉండేవి. ‘‘ఏం రాసిన్రు?’’ అని నాయినమ్మ అడిగితే చదివి వినిపించాను. ‘‘బోయజు రాయించుకున్నడా?’’ అంది. రాయించుకోలేదు. మత్తయి మొదటి అధ్యాయంలో, యేసు వంశావళిలో ఆయన పేరు ఉంది. పక్కనే రూతు పేరు కూడా ఉంది.